పిడికెడు బియ్యం పెట్టెకు పూలు

మొన్న నెల్లూరులో మా చెల్లెలి కూతురు ప్రియ ఇంట్లో నేను పెద్ద కేక పెట్టాను. హాల్లో కూర్చుని చెక్కపెట్టెల మీద కాగితప్పూలు అతికించుకుంటున్న ఆడపిల్లలంతా కుంచెలు చేత పట్టుకుని అట్లాగే బిగుసుకుపోయారు. ఒకమ్మాయి జిగురు గిన్నె ఒలకబోసుకుంది. "ఏమైంది పెద్దమ్మా, ఏమన్నా కుట్టిందా?" అంటూ ప్రియ కంగారుగా చూసింది. నన్నేదీ కుట్టలేదు. నేను అరిచింది రెండే మాటలు: "లోపల వద్దు!"

ప్రియ శనివారాలు తన ఫ్లాటులో క్లాసు నడుపుతుంది. పేపరు న్యాప్‌కిన్లు ఉంటాయి చూడండి, హోటళ్ళలో మూతి తుడుచుకోవడానికి ఇచ్చేవి, వాటిలో పూలవీ పిట్టలవీ ఏరి తెప్పించుకుంటుంది. వాటి పై పొర ఒలిచి చెక్కపెట్టెకు అతికించి పైన పూత పూస్తే చేత్తో బొమ్మలు వేసినట్టే ఉంటుంది. ఆ పనికి డెకూపాజ్ అని పేరట. ఆ పేరు పలకడానికి నేను నాలుగుసార్లు ప్రయత్నించి, నర్సు ఉద్యోగంలో ఇంతకంటే కష్టమైన మందుల పేర్లు పలికినదాన్నే అయినా, ఓడిపోయి ఊరుకున్నాను. మా అమ్మ ఇదే పని అల్లూరుకు తూర్పున మా పల్లెలో, పేరు తెలియకుండానే చేసింది. ఆ మాట నేను ఎప్పుడో నోరు జారితే, "అమ్మమ్మ పెట్టె తీసుకురా పెద్దమ్మా, మా వాళ్ళకు చూపిస్తాను. అంచుల్లో పూలు లేస్తున్నాయన్నావు కదా, ఒక కోటింగు వేసి ఇస్తాను" అని వెంటపడింది. తీసుకెళ్ళాను. పెట్టె బయట అంతా ఎంతో నాణెంగా పూత పూసింది పిల్ల. నేను మురిసిపోతూ చూస్తున్నాను. ఇంతలో మూత ఎత్తి, కుంచె మళ్ళీ ముంచి, పెట్టె లోపలికి పోనిచ్చింది. అప్పుడు పెట్టిన కేక అది.

ఎందుకు అరిచానో అక్కడ ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

మా చర్చిలో ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం చేటలోకి కొలిచాక, కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవాళ్ళు. అది దేవుని పిడికెడు. పూటకొక పిడికెడు చొప్పున ఇంట్లో ఒక డబ్బాలోనో కుండలోనో చేరిన బియ్యాన్ని నెలలో మొదటి ఆదివారం చర్చికి మోసుకెళ్ళి ఒక్కచోట కుప్ప పోసేవాళ్ళు. ఆరాధన అయ్యాక చర్చి వెనక రేకుల పంచలో ఆ బియ్యమే వండి, ఎవరూ లేని ముసలివాళ్ళకూ దిక్కులేని తల్లీబిడ్డలకూ వడ్డించేవాళ్ళు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, కొత్తవి, పాతవి అన్నీ కలిసిన ఆ అన్నానికి ఒక ప్రత్యేకమైన రుచి ఉండేదట. సగం మెతుకులు పలుకుగానూ సగం మెత్తగానూ ఉండేవి. మేం పిల్లలం ఆశగా చూసేవాళ్ళం గానీ మాకు పెట్టేవాళ్ళు కాదు.

మా అమ్మ కరుణమ్మ ఆ అన్నం తిని పెరిగిన మనిషి. ఆమె చిన్నతనంలోనే తండ్రి పోయాడు. మా అమ్మమ్మ తన ఇద్దరు బిడ్డల్నీ చెరో చేత్తో పట్టుకుని ఆ రేకుల పంచలో విస్తరి ముందు కూర్చున్న రోజులు ఉన్నాయి. ఈ సంగతి అమ్మ దాచుకోలేదు, చెప్పుకుని ఏడ్వనూ లేదు. పిడికెడు మాత్రం ఎప్పుడూ తప్పలేదు. ఇంట్లో బియ్యం అడుగంటి, సాయంత్రానికి ఏం చేయాలా అని నాయన దిగులుగా కూర్చున్న పూట కూడా ముందు ఆ పిడికెడు పక్కకు వెళ్ళాకే మా ఎసట్లో బియ్యం పడేవి. అమ్మ పిడికిలి చిన్నది. అందుకని ఒకసారి వేసి, చేతిలోకి చూసుకుని, ఇంకో నాలుగు గింజలు వేసేది. ఆ నాలుగు గింజలు వేసేటప్పుడు ఆమె ముఖం చూడాలి. ఒకప్పుడు విస్తరి ముందు కూర్చున్న పిల్ల ఇప్పుడు వడ్డించేవాళ్ళ వరుసలో నిలబడింది కదా, ఆ గర్వం కనిపించేది.

నాయన వడ్రంగి. తలుపులూ కిటికీలూ దర్వాజాలూ చేసేవాడు. మా ఇంటి ముందు వసారాలో ఎప్పుడూ చిత్రిక పట్టిన చెక్క వాసన, దాని వెనకే వంటింట్లోంచి చేపల పులుసు వాసన, మధ్యాహ్నం తిరిగితే సముద్రం మీది ఉప్పుగాలి. ఈ మూడు వాసనలూ కలిస్తే అది మా ఇల్లు. ఒక పెద్ద రైతు ఇంటికి తలుపులు చేయగా మిగిలిన టేకు ముక్కలతో నాయన అమ్మకు పిడికెడు బియ్యం పోసుకోవడానికి ఒక పెట్టె చేసి ఇచ్చాడు. మూలలు చక్కగా పళ్ళు కలిపి, మూతకు ఇత్తడి బందులు వేసి ఇచ్చాడు. అంతకుముందు అమ్మ బియ్యం ఒక పాత నూనె డబ్బాలో పోసేది. పెట్టె వచ్చిన రోజు దాన్ని కొంగుతో ఎన్నిసార్లు తుడిచిందో లెక్కలేదు.

దానికి పూలు ఎట్లా వచ్చాయంటే, మా మామ వల్ల. అమ్మ తమ్ముడు దానియేలు మద్రాసులో పెద్ద హోటల్లో బేరరు. సెలవు దొరికితే సెంటు సబ్బు వాసన కొడుతూ, తెల్ల చొక్కాతో మా పల్లెలో దిగేవాడు. విందుల్లో మిగిలినవి తీసుకుపొమ్మని పైవాళ్ళు చెబితే బిస్కెట్లూ జాము సీసాలూ తెచ్చేవాడు. ఒకసారి ఒక పొట్లం విప్పి అమ్మ ఒళ్ళో పెట్టాడు. అందులో దూది అంత మెత్తని చదరపు కాగితాలు, వాటి నిండా ఎర్రగులాబీలు, ఆకుపచ్చ తీగలు. అంత అందమైన కాగితం మా పల్లెలో ఎవరూ చూసి ఉండరు.

"ఏందిరా ఇవి?" అంది అమ్మ.

"మూతి తుడుచుకునేదానికి అక్కా. తినేటప్పుడు వొళ్ళో పరుచుకుంటారు. మూతికి అద్దుకుంటారు. నలిపి పారేస్తారు."

"గులాబీపూలు ఏసి మూతి తుడుచుకునేదానికి ఇస్తారా? నలిపేస్తారా? వాళ్ళకేమన్నా పిచ్చా?"

మామ పకపకా నవ్వాడు. ఒక కాగితం తీసి మడతలు పెట్టి, గ్లాసులో నిలబెడితే తామరమొగ్గలా విచ్చుకుంది. హోటల్లో బల్లబల్లకూ తనే అట్లా పెడతాడట. నేను చప్పట్లు కొట్టాను. అమ్మ మాత్రం గ్లాసులోంచి ఆ కాగితం మెల్లగా తీసి, మడతలు విప్పి, అరచేత్తో సాపు చేసి, మిగిలిన వాటి మీద పెట్టింది. "వీటితో ఎవురూ మూతి తుడుచుకోబాకండి" అని మా అందరికీ చెప్పింది. మేము తుడుచుకునేవాళ్ళం అన్నట్టు! ఆ రాత్రి నుంచీ ఆ కాగితాలు అమ్మ బైబిలు కింద ఉండేవి.

పెట్టెకు అతికించాలన్న ఆలోచన ఆమెకే వచ్చింది. మైదాపిండి ఉడికించి జిగురు చేసింది. ముందు నాయన పారేసిన చెక్కముక్క మీద ఒక కాగితం అతికించి చూసింది. అది తడికి ముద్దయింది. ఆరాక పైభాగం అప్పడంలా పొంగి, వేలు తగిలితే ఊడి వచ్చింది. ఒక గులాబీల కాగితం పాడయిందని అమ్మ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మర్నాడు రొయ్యలు వచ్చాయి. పెరట్లో పీట వేసుకుని గంపెడు రొయ్యలు ఒలిచింది. ఒలిచి, చేతులు కడుక్కుని, తడి ఇంకా ఆరకముందే లోపలికి వెళ్ళింది. కాసేపటికి అరుపు వినిపించింది.

"సుగుణా, ఇట్టరా మే! ఇదిగో, దీనికి తోలుండాది!"

నేను పరుగెత్తాను. రొయ్య తోలు జార్చినట్టే బొటనవేలుతో, చూపుడువేలుతో కాగితం మూలను మెల్లగా రుద్దుతోంది. రుద్దగా రుద్దగా కాగితం మూడు పొరలుగా విడిపోయింది. పూలన్నీ పైపొరలోనే ఉన్నాయి. కింద రెండూ ఉత్త తెల్లకాగితాలు. ఆ పైపొర ఉల్లిపొర కంటే పలచన, ఊపిరి వదిలితే ఎగిరిపోయేట్టు ఉంది. దాన్ని జిగురు పూసిన చెక్క మీద పరిచి కోడి ఈకతో మధ్య నుంచి అంచులకు సాపు చేస్తే, కాగితం కనిపించకుండా పోయి గులాబీలు చెక్క మీదే పూసినట్టయింది. చెల్లెలు అప్పటికి పుట్టలేదు, ఆ పొరలు ఒలవడం నా పని అయింది. నా వేళ్ళు సన్నమని అమ్మ నాకు అప్పగించింది. ఊపిరి బిగబట్టి ఒలిచేదాన్ని. మొన్న క్లాసులో ప్రియ "పైపొర మాత్రమే తీయాలి, చిరక్కుండా" అని చెప్పేలోపల నా చేతిలో పొర విడిపోయి ఉంది. "ఎక్కడ నేర్చుకున్నావు పెద్దమ్మా?" అని ఆ పిల్ల ఆశ్చర్యపోతే నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

పూలు అతికించాక వార్నిష్ పూయాలి. నాయన దగ్గర తలుపులకు పూయగా మిగిలినది ఉంది. బయట పూసి కుంచె కడగబోతుంటే అమ్మ ఆపింది.

"లోపల కూడా పూలు పెడతా. లోపల కూడా పుయ్యి."

"బియ్యం పోసేదే గదా, లోపలెందుకు మే?" అన్నాడు నాయన.

"దేవుడికి ఇచ్చేది. పైన ఒకటీ లోపలొకటీ ఉంటాదా?"

నాయన కుంచె కడగకుండా పక్కన పెట్టాడు. పెట్టె లోపలి గోడలకూ అడుగుకూ కూడా గులాబీలు అతికించి, వార్నిష్ చిక్కగా రెండు పూతలు పూసి, ఆరీ ఆరకముందే బియ్యం పోసేశారు. భక్తి లేనివాళ్ళకు ఈ పొరపాటు జరగదు. వాళ్ళు పైన మెరుగు పెట్టుకుని ఊరుకుంటారు.

మొదటి ఆదివారం వచ్చింది. అమ్మ పెట్టెను నడుముకు ఎత్తుకుని చర్చి మెట్లెక్కుతుంటే ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. చేత్తో తడిమి, గోటితో గీకి, "ఇది పెయింటా కరుణమ్మా? ఎవురేసినారు?" అని అడిగారు. నేను ఒక పక్క నిలబడి అందరి ముఖాలూ చూశాను. స్త్రీల సమాజం పెద్ద గ్రేసమ్మ టీచరుగారు కూడా కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "చాలా బాగుందమ్మా" అన్నారు. ఆమె ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. అమ్మ బియ్యం కుప్పలో పోసింది. అన్ని ఇళ్ళ బియ్యమూ కలిసిపోయింది.

మధ్యాహ్నం వడ్డన జరిగింది. పంక్తిలో మొదట కూర్చునేది మరియమ్మవ్వ. పళ్ళు లేవు, చూపు మందం, నోరు మాత్రం చురుకు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, చప్పరించి, ఆగి, ఉమ్మేసింది.

"ఏందిమే ఇది? అన్నమా, తలుపా?"

తర్వాత ఒక్కొక్కరే విస్తరి తోసేశారు. అన్నం వండిన అండా దగ్గరికి వెళ్ళి వాసన చూస్తే ఆవిరితో పాటు వార్నిష్ గుప్పున కొట్టింది. ఒక్క మా ఇంటి బియ్యంతో అండా మొత్తం చెడింది. అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు పరుగెత్తి తమ కుండల్లోని అన్నం తెచ్చి ముసలివాళ్ళకు పెట్టారు. అమ్మ ప్రతి విస్తరి దగ్గరా ఆగి చేతులు జోడించింది. అన్నీ సర్దాక గ్రేసమ్మ టీచరుగారు ఆమెను పక్కకు పిలిచారు. ఆమె కోపంగా మాట్లాడలేదు. కోపంగా మాట్లాడినా బాగుండేది.

"కరుణమ్మా, తప్పుగా అనుకోబాక. ఇకమీదట డబ్బాలో తీసకరా. ఈ పెట్టెలో మట్టుకు వద్దు. ఇంట్లో గాజులు పెట్టుకో."

ఆ మాట మామూలుగానే ఉంది. అమ్మకు మాత్రం అది ఎట్లా వినిపించిందో నాకు తెలుసు. ఆమె పెట్టిన పిడికెడును ముసలివాళ్ళు ఉమ్మేశారు. ఆమె చిన్నప్పుడు ఆకలి తీర్చిన పంచలోనే, ఆమె చేతి మీదుగా వచ్చిన అన్నం ఎవరికీ పనికిరాకుండా పోయింది. దారి పొడవునా నేను ఏడుస్తూ నడిచాను. అమ్మ ఏడవలేదు. ఇంటికి రాగానే పెట్టె నాయన ముందు పెట్టి, "టీచరమ్మ చెప్పిందాంట్లో తప్పేం లేదు. వాసనొస్తే ఎవురు తింటారు? కానీ దేవుడి పెట్టెలో గాజులు నేను పెట్టను. దీన్ని బాగు చెయ్యాల" అంది.

నాయన చిత్రిక తీసి పెట్టె బయట పట్టాడు. గులాబీలు రంగురంగుల పొట్టుగా చుట్టలు చుట్టుకుని నేలమీద పడుతుంటే నేను చూడలేక పెరట్లోకి పోయాను. లోపల చిత్రిక పట్టదు. అందుకని పగిలిన గాజుముక్కతో అమ్మా నాయనా వంతులవారీగా గీకారు. ఎంత గీకినా వాసన చెక్కలో ఇమిడి ఉంది. అప్పుడు అమ్మ పెట్టె నిండా తవుడు పోసి మూత పెట్టింది. మర్నాడు ఆ తవుడు తీసి గేదె తొట్టిలో వేస్తే, అది మూతి పెట్టి, ముక్కు ఎగబీల్చి, ముఖం పక్కకు తిప్పేసింది. "దీనికీ తలుపు వాసన తెలిసిపోయినాది" అన్నాడు నాయన. పెట్టెలో మళ్ళీ కొత్త తవుడు పోసింది అమ్మ. రోజూ ఇదే పని. మా గేదె తినేదాకా పెట్టెలో వాసన పోనట్టే లెక్క. రోజూ పొద్దున్నే తొట్టి దగ్గర మేము ముగ్గురం నిలబడి గేదె ముఖంలోకి చూసేవాళ్ళం. ఒక పొద్దున అది తవుడంతా తిని తొట్టి నాకింది. అమ్మ దాని మెడ కావలించుకుంది. దానికేం అర్థమయిందో గానీ కదలకుండా నిలబడింది. ఇన్నాళ్ళూ అమ్మ పూటపూటా పిడికెడు తీస్తూనే ఉంది, కాకపోతే మట్టికుండలో వేసేది. అది ఒక్క పూట కూడా ఆగలేదు.

ఇక పూలు. మామ ఇచ్చినవాటిలో కొన్నే మిగిలాయి. మామ మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. పొర ఒలిచేటప్పుడు ఒక్కటి చిరిగినా పెట్టెకు ఒక వైపు బోడిగా మిగిలిపోతుంది. నేను చేతులు తడుపుకుని, గాలి తగలకుండా తలుపు వేసుకుని ఒలిచాను. ఒక్కటీ చిరగలేదు. ఆ సంగతి అమ్మ ఎన్నేళ్ళు చెప్పుకుందో! వార్నిష్ ఇక వద్దు కాబట్టి పైన ఏం పూయాలన్నది ప్రశ్న. అమ్మకు చిన్నప్పుడు తాను చూసిన ఒక రైతు ఇంటి గోడలు గుర్తొచ్చాయి. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి రుద్దిన గోడలవి. ముఖం చూసుకునేంత నున్నగా ఉండేవట. మా కోళ్ళు పెట్టిన గుడ్లు పగలగొట్టి, తెల్లసొన వేరుచేసి, నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, పలచని గుడ్డలో వడకట్టి, ఈకతో పలచగా పూసింది. ఆరాక మళ్ళీ పూసింది. పచ్చసొనతో రోజూ ఉల్లిపాయ వేసి అట్టు పోసేది. తిని తిని నాకు పచ్చసొన అంటేనే విసుగొచ్చింది. "వార్నీషు పోయి నీచు వచ్చేట్టుండాదే" అని నాయన ఎగతాళి చేశాడు. అమ్మ పట్టించుకోలేదు. పొద్దున ఎండ ఎక్కగానే పెట్టెను పెరట్లో పెట్టేది. మధ్యాహ్నం గాలి సముద్రం వైపు నుంచి తిరిగేలోపల లోపలికి తెచ్చేది. ఆ ఉప్పుగాలి తగిలితే పూత జిగటగా మారుతుంది. కాకుల్ని తోలుతూ, తీగ మీద ఆరేసిన బట్టలు ఎటు ఊగుతున్నాయో చూస్తూ కూర్చోవడం నా కాపలా. చివరకు నీచు పోయింది, మెరుపు మిగిలింది.

ఈసారి లోపల చెక్క బోడిగానే వదిలేసింది. అట్లా వదిలేయడం ఆమెకు నచ్చలేదని నాకు కనిపిస్తూనే ఉంది. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. చివర్లో ఒక కాగితం మిగిలింది. అందులోంచి ఒక్క గులాబిని చుట్టూ కత్తిరించి, పొర ఒలిపించి, మూత లోపలివైపు, సరిగ్గా మధ్యలో అతికించింది. అక్కడికి బియ్యం అందదు. దాని మీద కూడా సొన పూసింది. నాయన చూసి నవ్వాడు.

మళ్ళీ మొదటి ఆదివారం. అమ్మ ఒక చంకన పెట్టె, ఒక చేత పాత నూనె డబ్బా పట్టుకుని బయలుదేరింది. డబ్బా ఖాళీది. పెట్టెలో బియ్యం ముందురోజే పోసి మూత బిగించింది. వాసన ఉంటే బియ్యానికి పట్టాలి కదా, పట్టనీ అని! గ్రేసమ్మ టీచరుగారు దూరం నుంచే పెట్టెను చూశారు.

"డబ్బా తెమ్మన్నాను గదా కరుణమ్మా?"

"డబ్బా కూడా తెచ్చినానమ్మా. ముందు ఈ పెట్టె వాసన చూడండి. వాసనొస్తే నా బియ్యం నేను ఎత్తుకోనిపోతా. వచ్చే నెల నుంచి డబ్బానే."

టీచరుగారు వంగి వాసన చూశారు. ఆమె న్యాయం తప్పని మనిషి. "నాకైతే ఏమీ రావడం లేదు. కానీ తినే మనిషిని అడగడం మంచిది" అని మరియమ్మవ్వను పిలిపించారు. చర్చి మెట్ల మీద అందరూ చుట్టూ చేరారు. ముసలమ్మ కర్ర పక్కన పెట్టి, రెండు చేతులతో పెట్టె అంచులు పట్టుకుని, ముఖం మొత్తం లోపలికి దూర్చింది. ఎంతసేపటికీ తల ఎత్తదు. అమ్మ పెదవులు మాత్రం కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోందని నాకు తెలుసు. చివరికి మరియమ్మవ్వ లేచింది. ముక్కుకు నాలుగు బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి.

"బియ్యం వాసనే వస్తుండాది. తలుపు యాడికి పోయినాదిమే?"

అందరూ ఒక్కసారిగా నవ్వారు. టీచరుగారు కూడా నవ్వి, తనే పెట్టె ఎత్తి మా బియ్యాన్ని కుప్పలో పోశారు. అప్పుడు ఏడ్చింది అమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూనే ఏడ్చింది. ఆ మధ్యాహ్నం మరియమ్మవ్వ రెండోసారి పెట్టించుకుంది. వడ్డించింది మా అమ్మే. ఆ తర్వాత మామ వచ్చినప్పుడల్లా అందరూ పూల కాగితాలు అడిగేవాళ్ళు. ఒక్కో ఇంటికీ ఒక్కో పెట్టె తయారైంది. మా చర్చిలో మొదటి ఆదివారం బియ్యం పోసే చోట గులాబీల పెట్టెలు, నీలం పిట్టల పెట్టెలు వరుసగా ఉండేవి. వాటన్నిటికీ పొరలు ఒలిచింది నేనే. లోపల మాత్రం ఎవరూ ఏమీ పూయలేదు. అందరికీ ఆ పాఠం మా ఇంటినుంచే అందింది.

ఇప్పుడు మా చర్చిలో పిడికెడు బియ్యం సంచుల్లో వస్తుంది. చాలామంది ఫోనులోనే డబ్బు పంపేస్తారు. ముసలివాళ్ళకు భోజనం మాత్రం జరుగుతూనే ఉంది, మునుపటి కంటే మంచి బియ్యంతో, అన్ని మెతుకులూ ఒక్క తీరుగా ఉడికి. అందుకు నేను బాధపడను. ప్రియ క్లాసులో ఉన్న సదుపాయాలు చూస్తే అమ్మ ఉండి ఉంటే ఎన్ని ప్రశ్నలు వేసేదో అనిపించింది. కోడి ఈక బదులు పలచని ప్లాస్టిక్ కాగితం పరిచి వేలితో తోస్తే ఒక్క ముడత కూడా ఉండదు. ఆ పద్ధతి అమ్మకు తెలియదు. మా పెట్టె మీద వెతికితే ముడతలు కనిపిస్తాయి. వాళ్ళ వార్నిష్‌కు వాసన కూడా లేదు, నీళ్ళతో కలిపేదట. ఇన్ని చెప్పాక కూడా ఒక తేడా మాత్రం నాకు తోచింది. ఆ పిల్లలు చేసిన పెట్టెలు కళ్ళు చెదిరేట్టు ఉన్నాయి. "ఇందులో ఏం పెట్టుకుంటావమ్మా?" అని ఒకమ్మాయిని అడిగితే, "ఇంకా అనుకోలేదు ఆంటీ" అంది. మా అమ్మకు పెట్టాల్సింది ముందే ఉంది. పెట్టె తర్వాత వచ్చింది.

కేక పెట్టాక నేను ఈ కథంతా చెబుతుంటే ప్రియ కుంచె కింద పెట్టేసింది. "ఇది వాసన రాని వార్నిష్ పెద్దమ్మా" అంది మెల్లగా. "రాకపోయినా వద్దు" అన్నాను. ఆ పిల్ల పెట్టె ముందుకు జరుపుకుని, మరియమ్మవ్వ లాగానే రెండు చేతులతో అంచులు పట్టుకుని, ముఖం లోపలికి పెట్టింది. అమ్మ పోయినప్పటి నుంచీ ఆ పెట్టె నెల్లూరులో నా వంటింట్లో పొయ్యి పక్కనే ఉంటుంది. పూటపూటా నా పిడికెడు అందులోనే పడుతుంది. ఆ రోజు క్లాసు కోసం దాన్ని ఖాళీ చేసి తీసుకెళ్ళాను, అంతే.

"బియ్యం వాసన, పెద్దమ్మా" అంది ప్రియ తల ఎత్తి. "బియ్యం వాసన తప్ప ఏమీ లేదు."

మా అమ్మ రెండోసారి గెలిచింది, ఈసారి ఆమె పెంచిన బిడ్డ బిడ్డ ముందు.

జిగురు ఒలకబోసుకున్న అమ్మాయి వచ్చి పెట్టె చుట్టూ తిరిగి చూసి, మూత పూర్తిగా వెనక్కి వాల్చింది. రంగు కాస్త వెలిసినా లోపలివైపు మధ్యలో ఆ గులాబి అట్లాగే ఉంది.

"ఆంటీ, ఇక్కడెందుకు అతికించారు? మూత వేస్తే ఎవరికీ కనపడదు కదా!"

"పిడికెడు వేసేవాళ్ళకు కనపడుతుందమ్మా" అన్నాను.